మూడో వరసలో హారమ్మ

మంచినీళ్లపేట ఒడ్డున పెద్ద వల లాగుతుంటే అందరికంటే పైన వినిపించే గొంతు తవిటయ్యది. ఆయన పాట అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడుతూ తాడు లాగేవారు. అలాంటి మనిషి, రెండు కిడ్నీలూ పాడైపోయాయని డాక్టరు చెప్పిన రోజు నుంచి నోరు మూసేశాడు. ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు తెలియని ఊరు లేదు. ఆయన అన్న బైరాగి పోయింది దాంతోనే. తనకీ అదే వచ్చిందని తెలిశాక తవిటయ్య ఎవరి మీదా విసుక్కోలేదు, ఏడవలేదు. మాట్లాడటం మానేశాడంతే.

వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. భార్య సూరమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగితేనే ఇల్లు గడిచేది. అందుకని తోడు వెళ్ళే పని కూతురు సంజన మీద పడింది. ఆ పిల్ల కాశీబుగ్గలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. డయాలసిస్ రోజుల్లో కాలేజీ మాని, తండ్రిని ఆటోలో పలాస తీసుకొచ్చేది. మిషను ఆయన రక్తాన్ని లాగి, కడిగి, తిరిగి పంపుతుంటే మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉండేవాడు. ఏమడిగినా పలికేవాడు కాదు.

ఆ గంటల్లో సంజన ఫోన్లో పాటలు వినేది. అవన్నీ ఒక్క మనిషి పాడినవే. ఆమె పేరు కోహారు ఇసోబె. జపాన్ గాయని, నటి. సంజన కంటే నాలుగేళ్ళు పెద్ద. టెక్కలి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు రూప అనే స్నేహితురాలు ఆమె పాట ఒకటి వినిపించింది. రూప మరుసటి వారానికే వేరే పాటల్లో పడిపోయింది. సంజన మాత్రం అక్కడే ఆగిపోయింది. మాటలు అర్థం కాకపోయినా ఆ గొంతులో ఏదో బెంగ ఉండేది. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్లకి ఆ బెంగ తనదే అనిపించింది. అర్థం తెలుసుకోవాలన్న పట్టుదలతో వీడియోలు చూసి జపాన్ భాష కొంచెం కొంచెం నేర్చుకుంది.

ఒకరోజు ఇయర్‌ఫోన్ వైరు ఊడి, పాట వార్డులో గట్టిగా మోగింది. సంజన కంగారుగా ఆపబోయింది.

"ఉండనీ," అన్నాడు తవిటయ్య. తండ్రి గొంతు విని సంజన ఉలిక్కిపడింది. "ఏ బాసే అది?"

"జపాన్ బాస నాన."

"ఆ గుంటెవలు?"

సంజన స్టూలు దగ్గరికి జరుపుకుంది. "కోహారు అని. మనలాగే సముద్రం ఒడ్డు పిల్ల నాన. ఆల నానకి బోటుంది. పెద్ద పెద్ద లైట్లేసుకుని వేటకి ఎల్తాడట. ఆ ఎలుగు సూసి సేపలొత్తాయట."

తవిటయ్య గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. "మరి ఈ గుంట పాటల్లోకి ఎలగెల్లింది?"

ఆ రోజు నుంచి సంజన చెప్పడం మొదలుపెట్టింది. కోహారు పదమూడేళ్ళప్పుడు వాళ్ళ రేవు ఊరి పండగలో పాడింది. ఎవరో వీడియో తీశారు. అది చూసి టోక్యో నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, తల్లిదండ్రుల్ని ఒప్పించి, పదిహేనేళ్ళ పిల్లని తీసుకెళ్ళారు. బోలెడంత మంది ఆడపిల్లలున్న బృందంలో కలిపేశారు. అందరికీ ఒకటే గౌను, ఒకటే జడ. కోహారుని మూడో వరసలో చివర నిలబెట్టారు. పాటలో ఆమెకి విడిగా వచ్చేది ఒక్క మాట. ఆ మాట పాడుతున్నప్పుడు కూడా కెమెరా ముందు వరస మీదే ఉండేది.

తవిటయ్యకి కోపం వచ్చింది. "గొంతున్న గుంటని ఎనకాల ఎట్టీసి ముందర ఎవలిని నిలబెట్టినారు?"

"జనం ఎవలికి ఎక్కువ ఓట్లేత్తే ఆలే ముందుకొత్తారు నాన."

"పాటకి ఓట్లేటి!" అంది పక్క మంచం మీద నుంచి నీలమ్మ. ఆమెది నందిగాం వైపు, జీడితోటలున్న కుటుంబం. తవిటయ్య కంటే ముందు నుంచీ డయాలసిస్ మీద ఉంది. "మరి నువ్వేసినావేటే ఓటు?"

"మనూరినించి పడదు అత్తా."

"అన్నేయం," అని నీలమ్మ తేల్చేసింది.

కోహారు అనే పేరు నీలమ్మ నోట హారమ్మ అయింది. తవిటయ్యా అలాగే పిలవసాగాడు. కొన్నాళ్ళకి ఎదుటి మంచం చిన్నారావు కూడా చెవి ఇటు పడేసేవాడు. ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పని చేసిన మనిషి. "మొన్న హారమ్మ ఏడుత్తంటే ఆపీసినావు. తరవాతేటయింది?" అని రాగానే అడిగేవాడు.

తరవాత చాలా జరిగింది. హారమ్మ రెండేళ్ళు మూడో వరసలోనే ఉంది. ఇంటికి ఫోన్ చేసి తల్లితో బాగానే ఉన్నానని చెప్పి, ఫోన్ పెట్టేసి ఏడ్చేది. నవ్వు సరిగ్గా లేదని శిక్షణ ఇచ్చేవాళ్ళు తిట్టేవారు. ఒక పెద్ద కచేరీకి ముందు మొదటి వరస పిల్లకి గొంతు పోయింది. ఆ పాట మొత్తం వచ్చిన పిల్ల హారమ్మ ఒక్కతే. వేదిక వెనక మూలలో నిలబడి రోజూ తనలో తను పాడుకునేది కాబట్టి. ఆమెని ముందుకు తోశారు. ఆమె కళ్ళు మూసుకుని పాడింది. పాట అయ్యాక హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేదు.

అది చెబుతున్నప్పుడు నర్సు భారతి బీపీ చూడటానికి వచ్చి, పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టడం మరిచిపోయి నిలబడింది.

"ఆ తరవాత?" అన్నాడు తవిటయ్య.

"ఆ తరవాత సప్పట్లు ఆగలేదు నాన."

తవిటయ్య నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. "నాను సెప్పనేదేటి," అన్నాడు, ఎప్పుడూ ఏమీ చెప్పకపోయినా.

హారమ్మ ఒంటరిగా పాడిన పాటలు వచ్చాయి. టీవీ సీరియల్లో వేషం వచ్చింది. దీవుల మధ్య తిరిగే లాంచీలో టికెట్లు చింపే అమ్మాయి వేషం. సంజన ఆ సీరియల్ని ఫోన్లో చూపిస్తూ, ఒక్కో మాటా తెలుగులో చెప్పేది. తవిటయ్య మిషను చప్పుడు మరిచిపోయి చూసేవాడు. రోజుకింత అని కొలిచి తాగాల్సిన నీళ్ళ మీద కూడా ఆ గంటల్లో ఆయన ధ్యాస ఉండేది కాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో ఆ పిల్ల గురించే మాట్లాడేవాడు. వాళ్ళ అమ్మ ఆమెని చూడటానికి టోక్యో వెళ్ళిందా, అక్కడ తిండి పడిందా అని అడిగేవాడు. చిన్నగా కూనిరాగం కూడా తీసేవాడు. ఆ రాగంలో సగం హారమ్మది, సగం వల లాగే పాటది.

కార్తీకమాసం మొదట్లో హారమ్మ కొత్త సినిమా షూటింగు ఆగిపోయింది. ఆరోగ్యం బాగాలేక విశ్రాంతి తీసుకుంటోందని కంపెనీ ప్రకటించింది. సంజన ఆ మాటే వార్డులో చెప్పింది. "పడుకోనీ పాపం. ఎప్పుడు పడుకుందీ ఆ గుంట?" అంది నీలమ్మ.

తర్వాతి వారం నీలమ్మ మంచం ఖాళీగా ఉంది. ఇంటి దగ్గర ఆయాసం వచ్చి, ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయిందని భారతి చెప్పింది. తవిటయ్య ఆ ఖాళీ మంచం వైపు చూస్తూనే ఆ పూట గడిపాడు.

రెండు రోజులకి, కాలేజీ అయ్యాక కాశీబుగ్గలో ఆటో కోసం నిలబడి సంజన ఫోన్ తీసింది. కోహారు ఇసోబె చనిపోయింది. రక్తానికి సంబంధించిన జబ్బు. ఇరవై మూడేళ్ళు. జపాన్ అక్షరాలు ఆమెకి ఇంకా తడుముకుంటేగానీ రావు. తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి నుంచీ కూడబలుక్కుంది. తప్పు చదవలేదు. ఆటోవాడు "పేటకా? ఎక్కమ్మా" అంటుంటే వినిపించనట్టు నిలబడిపోయింది.

రూపకి ఫోన్ చేసింది. రూప "పాపం. అయినా ఎక్కడో జపానోళ్ళ కోసం ఇంతలా ఏడుస్తావేటే? మీ నాన్న ఒంట్లో ఎలాగుంది?" అంది. సంజన బాగానే ఉందని చెప్పి పెట్టేసింది.

మరునాడు డయాలసిస్. తెల్లారి తవిటయ్య అరుగు మీద నుంచి లేవలేదు.

"నానొల్లను," అన్నాడు. "నీలమ్మ అన్నేళ్లు ఆ మిషనుకి సెయ్యిచ్చింది. ఏటొరిగింది? మీ పెదనాన అంతే. నన్నొగ్గీయండి."

సూరమ్మ బతిమాలింది, తిట్టింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన కదల్లేదు. సంజన గుమ్మంలో నిలబడి చూస్తోంది. తవిటయ్య చాలాసేపటికి ఆమె వైపు తిరిగి, మాట మార్చడానికన్నట్టు అడిగాడు.

"హారమ్మకి నయమైందేటే?"

సంజన గుమ్మం దిగి దగ్గరికి వచ్చింది. తండ్రి కళ్ళలోకి చూసింది. అక్కడ మిగిలిన ఆశ అదొక్కటే అని ఆమెకి అర్థమైంది.

"అయింది నాన. నిన్ననే మల్లీ షూటింగుకి వచ్చిందట. సముద్రం మీద తీత్తన్నారట."

"సముద్రం మీదే?"

"ఆఁ. ఆటోలో సెప్తాను రా."

తవిటయ్య లేచి, చొక్కా తొడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి హారమ్మ బతుకంతా సంజన కల్పించిందే. సినిమాలో ఆమెది తుఫానులో తప్పిపోయిన తండ్రి కోసం బోటు నడుపుకుంటూ వెళ్ళే కూతురి వేషమని చెప్పింది. షూటింగులో కెరటం కొట్టి ఆమె నీళ్ళలో పడిందని, ఈదుకుంటూ వచ్చి మళ్ళీ అదే సీను చేసిందని చెప్పింది. సినిమా ఆడింది. పెద్ద బహుమతి వచ్చింది. హారమ్మ బృందం వదిలేసి సొంత ఊరికి వెళ్ళి, పదమూడేళ్ళప్పుడు పాడిన ఆ పండగలోనే మళ్ళీ పాడింది. వాళ్ళ నాన్న బోటు దిగి వచ్చి జనం మధ్య నిలబడి విన్నాడు. ఆ ఘట్టం చెప్పినప్పుడు చిన్నారావు కళ్ళు తుడుచుకున్నాడు.

కొత్త పాట పెట్టమంటే, పాతవాటిలో వాళ్ళు విననివి వెతికి పెట్టేది. అవీ అయిపోయాయి. "ఇది ఇన్నట్టున్నాదే," అన్నాడు తవిటయ్య ఒకసారి. "పాతదే మల్లీ పాడింది నాన," అంది. ఆయన తల ఊపాడు.

వార్డులో నవ్వుతూ చెప్పి, తండ్రి నిద్రపోగానే బయటికి వచ్చి ఆసుపత్రి వెనక గోడ దగ్గర నిలబడేది. జపాన్ అభిమానులు పువ్వులు పెట్టిన ఫోటోలు, రాసుకున్న మాటలు చూసేది. తను మాత్రం ఒక్క మాటా రాయలేకపోయేది. పోయిందని ఒక్కసారి రాస్తే, లోపలికి వెళ్ళి బతికే ఉందని చెప్పడం తన వల్ల కాదని భయం. ఏడుపు వచ్చేది, మింగేసేది. కళ్ళు ఎర్రబడితే తండ్రి అడుగుతాడు. శీతాకాలం వెళ్ళింది, జీడిపూత వచ్చింది, ఎండలు ముదిరాయి. చనిపోయిన పిల్ల కథ సంజన నోట్లో అలా సాగుతూనే ఉంది.

మే నెలలో నీలమ్మ మంచం మీదికి యుగంధర్ అనే కుర్రాడు వచ్చాడు. ఇచ్ఛాపురం వాడు. ఇంజినీరింగు చదువుతూ జబ్బు బయటపడి ఆపేశాడు. మొదటి రెండుసార్లు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోసారి సంజన హారమ్మ పెళ్ళి ముచ్చట చెబుతుంటే విని, ఫోన్ తెర మీది బొమ్మ వైపు వంగి చూశాడు.

"కోహారు ఇసోబె కదా? మా కాలేజీలో కూడా ఆమె పాటలు వినేవాళ్ళం," అన్నాడు. మొహంలో కాస్త వెలుగు వచ్చింది. వెంటనే తగ్గింది. "పోయినేడు చనిపోయినప్పుడు చాలా బాధనిపించింది. అంత చిన్న వయసు."

సంజన ఫోన్ తెర ఆర్పేసింది. చిన్నారావు ఆమె వైపు, తవిటయ్య వైపు మార్చి మార్చి చూశాడు. ఏదో తప్పు జరిగిందని యుగంధర్‌కి తెలిసింది గానీ ఏమిటో అర్థం కాలేదు. తవిటయ్య మాత్రం కళ్ళు మూసుకున్నాడు. మిషను ఆగేదాకా తెరవలేదు.

ఇద్దరూ ఆటో ఎక్కారు. పేట దగ్గరపడ్డాక తవిటయ్య ఒడ్డు వైపు పోనిమ్మన్నాడు. వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఇసుక మీదికి లాగి వరసగా పెట్టి ఉన్నాయి. ఎండ ఇంకా తగ్గలేదు. ఒక బోటు నీడలో ఆయన కూలబడ్డాడు. సంజన ఎదురుగా నిలబడింది.

"ఎప్పుడే?" అన్నాడు.

"నీలమ్మత్త పోయిన వారమే నాన."

ఆయన వేలితో ఇసుక గీరాడు. తిడతాడేమో, మళ్ళీ ఆసుపత్రికి రానంటాడేమో అని సంజన భయపడుతోంది. 

"మరి నువ్వెప్పుడు ఏడిసినావే?" అన్నాడు తవిటయ్య.

సంజనకి ఆ ప్రశ్న వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక తండ్రి పక్కన కూర్చుని, ఆయన భుజం మీద మొహం పెట్టి, ఇన్ని నెలలూ మింగింది ఒక్కసారిగా బయటికి తెచ్చుకుంది. ఆయన సూదుల పోట్లతో గట్టిపడిన చేత్తో ఆమె తల పట్టుకున్నాడు.

"పిచ్చి గుంటా. సచ్చిన మనిసిని మోసుకుని ఇన్నాల్లు నవ్వుతా తిరిగినావేటే," అన్నాడు.  

ఆమె కాస్త తేరుకున్నాక అడిగాడు. "ఆల నాన ఉన్నాడా?"

"ఉన్నాడు."

"బోటెక్కుతన్నాడా?"

"తెలీదు నాన."

"ఎక్కడు," అన్నాడు తవిటయ్య సముద్రం వైపు చూస్తూ. "కొన్నాల్లు ఎక్కలేడు."

తర్వాత నిజంగా జరిగిందంతా చెప్పమన్నాడు. సంజన చెప్పింది. జబ్బు ఎప్పుడు తెలిసిందో, ఎందుకు దాచారో, ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఆఖరి పాట ఎలా పాడిందో చెప్పింది. ఆ సినిమా అసలు పూర్తి కాలేదని, బహుమతి రాలేదని, ఊరి పండగలో మళ్ళీ పాడలేదని కూడా చెప్పింది. బతికున్న మనిషి నుంచి ఒక్కొక్కటీ తిరిగి తీసేసుకుంటున్నట్టు ఉంది ఆమెకి. ఆఖరి పాట పెట్టమన్నాడు. చనిపోయాక వచ్చిన ఆ పాటని సంజన అప్పటిదాకా వినలేదు. ఇద్దరూ విన్నారు. గొంతు సన్నగా, మధ్యలో ఊపిరి అందక తెగుతూ ఉంది.

"ఏటంటంది?"

"'రేవులో దీపాలెలిగినాయి, నన్ను పిలవొద్దు, నానే వత్తాను' అంటంది నాన."

తవిటయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మరునాడు సూరమ్మతో అన్నం, చేపల పులుసు వండించి, ఆకులో పెట్టించి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. చుట్టాల్లో ఎవరైనా పోతే చేసినట్టే కెరటాల అంచున పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. "ఎవలికిది? హారమ్మెవలు?" అని సూరమ్మ అడుగుతూనే ఉంది. "మన పిల్లకి అప్పలాటిది, మనకి పెద్దకూతురు," అని మాత్రం చెప్పాడు.

ఆసుపత్రికి రావడం ఆయన మానలేదు. మునుపటి బలం లేకపోయినా వచ్చేవాడు. యుగంధర్ వచ్చి, తెలియక అన్నానని క్షమాపణ అడిగితే, "నువ్వు నిజం సెప్పినావు బాబూ, మంచిదే అయింది," అన్నాడు. ఆ కుర్రాడికి భయం వేసిన రోజున మంచం మీద నుంచే వేట కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాడు ఆయన, వినేది సంజన.

భాద్రపదంలో వానలు పట్టుకున్న రోజుల్లో తవిటయ్యకి గుండె ఆగిపోయింది. ఇంట్లోనే, పొద్దున్న, సూరమ్మ గంజి కలుపుతుండగా. అందరూ వచ్చారు. ఆడవాళ్ళు ఆయన గుణాలు తలుచుకుంటూ రాగం తీసి ఏడ్చారు. సంజన వాళ్ళతో కలిసి గొంతెత్తి ఏడ్చింది. ఈసారి ఎవరి కోసమూ ఆపుకోలేదు. ఒడ్డున వల లాగే జట్టువాళ్ళు పాడె మోస్తూ తవిటయ్య పాడే పాటే అందుకోబోయారు. ఎత్తుగడ ఎవరికీ సరిగ్గా కుదరక మధ్యలోనే ఆపేశారు.

దినకార్యాలు అయిపోయాక సూరమ్మ మళ్ళీ గంప ఎత్తింది. సంజన కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం సూరమ్మ చేపలమ్మి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప మీద నడుం వాల్చింది.

"ఆ గుంట పాటొకటి పెట్టే," అంది. "మీ నాన అన్నాల్లు ఏటిన్నాడో నానొక్కపాలీ ఇన్నేదు. నాకెక్కడ కుదిరిందీ."

సంజన తల్లి పక్కన కూర్చుని, అన్నిటికంటే మొదటిది, ఊరి పండగలో పదమూడేళ్ళ పిల్ల పాడింది పెట్టింది. వీడియోలో వెనక గాలి చప్పుడు, జనం గోల. సూరమ్మ రెండు మూడు చరణాలు శ్రద్ధగా విన్నది. "ఎంత సిన్న గొంతే," అంది. అంతలోనే ఆమె కళ్ళు మూతపడ్డాయి. తెల్లవారుజాము నుంచి తిరిగిన మనిషి. సంజన ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. పాట ఆపలేదు. తల్లి నిద్ర చెడకుండా చప్పుడు కొంచెం తగ్గించింది, అంతే.